జానెడు పైకి

చచ్చిపోయిన ఆంప్లిఫయర్ పొట్టలకెంచి
హీట్ సింక్ ఊడదీసిన.
ఎన్ని బరాతుల్ల కాగిందో,
దాని రెక్కల సందున
ఇంకా గులాల్ పొడి.

కిరోసిన్ తోటి కడిగి, గరుకు కాయితంతో రుద్ది,
తెల్లటి పేస్టు పలుచగ పూసి
ఒక్కొక్క ఎల్ఈడీని కూసోబెట్టిన.
పన్నెండు నీలాలు, ఎనిమిది తెలుపులు,
ఆ చివర ఈ చివర ఒక్కో ఊదా.
చూస్తే నూకలంత.
సూటిగ చూస్తే కన్ను పోతదని
డబ్బా మీద రాసుంది.

కొత్తవాడల మాది మైకుసెట్లు బాగుచేసే దుకానం.
సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారే, మచిలీపట్నం దిక్కు,
అదీ మబ్బు పట్టిన నాడు.
బురద రంగుల ఉండె.

ఉప్పు హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్ల వచ్చింది.
దాని ఎంబడే థర్మాకోల్ డబ్బల,
నీళ్ల సంచిల ముడుచుకొని,
ఏడు గుండీ పగడాలు.
హన్మకొండ బస్టాండ్ కార్గో పిలగాడు
"మటనా అన్నా?" అన్నడు.
"కాదు తమ్మీ, బతికున్న జీవి."
"చెట్టు లెక్కున్నది గదా?"
"లోపల చెట్టు గూడ ఉంటది."
వాడు నా మొకం చూసి
సంతకం పెట్టమన్నడు.

రాత్రి పదకొండు. సోల్డర్ పొగ కండ్లల్ల.
డ్రైవర్‌కు తీగలు కలిపి స్విచ్చేస్తే
నీలం వరస మొత్తం చీకటి.
మీటర్ పట్టుకొని
ఒక్కొక్క దాని నాడి చూసుకుంట పోయిన.
తొమ్మిదోది ఉల్టా.
ఒక్కటి ఉల్టా అయితే పన్నెండూ అలుగుతయి,
బంతిల ఒకడు లేస్తే
విస్తర్లు మడిచే మా పెదనాయనల లెక్క.

తిప్పి అతికి మళ్ల వేసిన.

గోడ నీలం. క్యాలెండర్ నీలం.
నా గోర్లు, బనీను, స్టూలు మీది చాయ్ గిలాస నీలం.
తొట్టి అడుగున మాత్రం
ఒక పచ్చటి అంచు రాజుకున్నది.
దానికి నేనిచ్చింది నీలం,
అది నాకు వాపస్ ఇచ్చింది పచ్చ.
తెల్లారేదాక పండలే.

నాలుగో నాటికి ఏడూ మూతులు ముడిచినయి.
ఉప్పు కొలిచిన. నీళ్లు మార్చిన.
మే నెల ఎండకు తొట్టి మీద చిన్న పంకా కట్టిన.
రంగు ఎలిసిపోయి
నానిన అటుకుల లెక్క అయినయి.

మిక్సీ కోసం వచ్చింది ఆడెపు యాకమ్మ,
నలభై ఏండ్లు షత్రంజీ నూలుకు రంగులేసిన మనిషి.
మోచేతుల దాక కడిగినా పోని నీలం.
నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకొని వంగి చూసింది.
"ఏం కాగుతున్నది కొడుకా ఇండ్ల?"
"కాగుడు లేదమ్మా, ఉట్టి వెలుతురే."
"మరిగే గోలెంల నూలు ఒక్కసారే ముంచుతరా?
ముంచాలె, తియ్యాలె, గాలి తాకనియ్యాలె.
ఇవి ఏడ ఉండేటియి?"
"సముద్రంల. ఎనిమిది బారల లోతున."
"మరి ఆ ఎనిమిది బారలేవి?"

నా దగ్గర ఉన్నయి రెండు జానల నీళ్లు.

ఆ మాపే దూలానికి కొక్కెం బిగించి,
గొలుసు తోటి లైటును జానెడు పైకి గుంజిన.
కింద దోమతెర గుడ్డ,
నాలుగు మడతలు.
వారానికొక మడత తీసుడు.
ఇప్పుడు రెండున్నయి.
ఆరు విప్పుకున్నయి.
ఏడోది విప్పుకోలే, అట్లనే ఉంచిన.

మొన్న యాకమ్మ మళ్ల వచ్చి
లైటు కింద చెయ్యి పెట్టింది.
చెయ్యంత ఒకటే నీలమయ్యి
ఆ నలభై ఏండ్ల మరక ఎక్కడుందో దొర్కలే.
అరచెయ్యి, మోచెయ్యి
తిప్పి తిప్పి చూసుకున్నది శానాసేపు.
తర్వాత అడిగింది,
మిక్సీ అయిందా అని.
కాలే.